రెడింగ్ పట్టణంలో సరుకుల కొనుగోలు: పందొమ్మిదేళ్ళ వాడకం తర్వాత

2006 అక్టోబరులో మేము ఇంగ్లండ్‌లో బర్క్‌షైర్‌లోని రెడింగ్ పట్టణానికి వచ్చినప్పటి నుంచి ఇంటి సరుకులు తెచ్చే పని నాదే. టెస్కో, సెయిన్స్‌బరీస్, ఆస్డా, మారిసన్స్, వెయిట్‌రోజ్, ఆల్డీ, లిడ్ల్ - ఈ సూపర్‌మార్కెట్లన్నిటిలోనూ ఏదో ఒక కాలంలో కనీసం ఏడాదిపాటు క్రమం తప్పకుండా కొన్నాను. ఇక ఆక్స్‌ఫర్డ్ రోడ్డు పొడవునా ఉన్న మనవాళ్ళ దుకాణాల సంగతి చెప్పనక్కరలేదు. ఏ దుకాణం దేనికి పనికివస్తుందో, ఎక్కడ జాగ్రత్తపడాలో, ఇన్నేళ్ళలో ఏం మారిందో నేను దాచుకున్న రసీదులను ముందు పెట్టుకుని రాస్తున్నాను. కొత్తగా ఈ దేశానికి వచ్చే తెలుగు కుటుంబాలకు ఇది ఉపయోగపడాలని నా కోరిక.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇక్కడి సూపర్‌మార్కెట్లు నాణ్యతలోనూ శుభ్రతలోనూ నమ్మదగినవి. పాడైన సరుకు రసీదుతో తీసుకువెళితే మారుమాట లేకుండా డబ్బు తిరిగి ఇచ్చేస్తారు. అయితే మేము వచ్చిన కొత్తలో అర మీద రాసిన ధర అందరికీ ఒకటే. ఇప్పుడు కారున్నవారికి ఒక ధర, ఫోనులో దుకాణం కార్డున్నవారికి ఒక ధర, ఆ రెండూ లేక సంచి పట్టుకుని నడిచి వెళ్ళే పెద్దవారికి మరొక ధర అన్నట్లు తయారైంది. ఇన్నేళ్ళ వాడకంలో నన్ను నిజంగా బాధపెట్టిన మార్పు ఇదొక్కటే.

మొదటి నాలుగైదేళ్ళు మా పద్ధతి చాలా సులువుగా ఉండేది. శనివారం పొద్దున్నే కాల్కట్‌లోని సెయిన్స్‌బరీస్‌కు వెళ్ళి, ట్రాలీ గొలుసులో పౌండు నాణెం పెట్టి, వారానికి సరిపడా సరుకులన్నీ ఒకేచోట నింపుకుని వచ్చేవాళ్ళం. అది 1981లో సేవాసెంటర్ అనే పేరుతో, సెయిన్స్‌బరీస్, బీహెచ్ఎస్ అనే మరో దుకాణాల సంస్థ కలిసి తెరిచిన పెద్ద దుకాణం. బట్టలు, బల్బులు, బియ్యం ఒకే కప్పు కింద దొరకడం ఆ కాలంలో ఇక్కడివారికే వింతగా ఉండేదట. వచ్చిన మొదటి నెలలో ఒక ఆదివారం సాయంత్రం అయిదింటికి ఒక పెద్ద దుకాణానికి వెళ్ళి, మూసిన తలుపుల ముందు పసిపిల్లవాణ్ణి ఎత్తుకుని నిలబడ్డాము. ఇంట్లో పాలు లేవు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 280 చదరపు మీటర్లకు మించిన దుకాణాలు ఆదివారం ఉదయం పదింటికీ సాయంత్రం ఆరింటికీ మధ్య వరుసగా ఆరు గంటలు మాత్రమే తెరిచి ఉండాలని 1994 నాటి చట్టం చెబుతుందని అప్పుడు తెలిసింది. స్కాట్లాండ్‌కు ఈ నియమం వర్తించదు. ఆ పరిమితి కంటే చిన్నవైన దుకాణాలకు మాత్రం ఇంగ్లండ్‌లోనూ ఏ అడ్డూ లేదు. పెద్ద సంస్థలు వీధి మలుపుల్లో ఎక్స్‌ప్రెస్ అనీ లోకల్ అనీ చిన్న శాఖలు తెరుచుకుంటూ పోవడానికి ఇదీ ఒక కారణం.

ఆ చిన్న శాఖల దగ్గరే కొత్తవారు ఎక్కువగా నష్టపోతారు. బయట అదే పేరు, అదే రంగు, లోపల అవే ప్యాకెట్లు ఉంటాయి కనుక ధర కూడా అదే అనుకుంటాము. ఒకే సంస్థకు చెందిన పెద్ద దుకాణంలోనూ మా వీధి చివరి శాఖలోనూ ఒకే వారంలో ఒకే పన్నెండు సరుకులు కొని రెండు రసీదులు పక్కపక్కన పెట్టి చూశాను. తొమ్మిది సరుకుల ధర చిన్న శాఖలో ఎక్కువగా ఉంది. మిగిలిన మూడూ సమానం. తక్కువగా ఉన్నది ఒక్కటీ లేదు. పట్టణం నడుమ అద్దె ఎక్కువ, సిబ్బంది ఖర్చు ఎక్కువ అని ఆ సంస్థ చెప్పే కారణంలో నిజం ఉండవచ్చు. కానీ కారు లేనివారికి ఆ వీధి చివరి దుకాణమే గతి. అత్యవసరానికి పాలు, బ్రెడ్డు తెచ్చుకోవడానికి ఈ శాఖలు మంచివి. వారం సరుకులకు మాత్రం పనికిరావు.

ఆల్డీ, లిడ్ల్‌ల గురించి ఇక్కడివారి మనసు మారిన తీరు నా కళ్ళముందు జరిగింది. ఆల్డీ 1990లో, లిడ్ల్ 1994లో ఈ దేశానికి వచ్చాయి. మేము వచ్చిన కొత్తలో మా వీధిలో ఒకావిడ ఆ సంచి బయటికి కనబడకుండా మరో సంచిలో పెట్టుకుని తెచ్చుకునేది. 2008 ఆర్థిక మాంద్యం తర్వాత ఆ మొహమాటం కరుగుతూ వచ్చింది. 2022 సెప్టెంబరులో ఆల్డీ మారిసన్స్‌ను దాటి దేశంలో నాలుగో పెద్ద సూపర్‌మార్కెట్ అయింది. ఆ తర్వాతి వసంతంలో, అంటే 2023 మార్చిలో, ఆహార పదార్థాల ధరలు ఏడాది వ్యవధిలో 19 శాతానికి పైగా పెరిగినప్పుడు, ఆ దుకాణాల గల్లా వరుసల్లో మా ఆసుపత్రి వైద్యుల నుంచి మా అబ్బాయి బడి టీచరు దాకా అందరూ కనిపించేవారు. పాలు, గుడ్లు, వెన్న, క్యారెట్లు, ఉల్లిపాయలు, ఓట్సు - ఇలాంటి నిత్యావసరాలకు నేను ఇప్పటికీ అక్కడికే వెళతాను. ఒక్కో వస్తువు ఒకటి రెండు రకాలే ఉంటుంది కనుక అర ముందు నిలబడి తలబద్దలు కొట్టుకోనక్కరలేదు. మధ్య వరుసలో పరిచిపెట్టే పనిముట్లు, బూట్లు, దుప్పట్ల వైపు మాత్రం చూడకుండా నడవడం నేర్చుకోవాలి.

పాల సంగతి కొత్తవారికి విడిగా చెప్పాలి. ఇక్కడ పాల సీసాలు పైంట్ల లెక్కన వస్తాయి. నాలుగు పైంట్ల సీసాలో 2.27 లీటర్లు ఉంటాయి. నీలం గుర్తుది వెన్న తీయని పాలు, పచ్చ గుర్తుది సగం తీసినవి, ఎరుపు గుర్తుది దాదాపు పూర్తిగా తీసేసినవి. పెరుగు గడ్డగా తోడుకోవాలంటే నీలం గుర్తు పాలే కొనాలి. మొదటి చలికాలం అంతా పచ్చ గుర్తు పాలు కాచి, తోడుపెట్టి, పొద్దున్నే నీళ్ళలాంటి పెరుగు చూసి తోడునే తప్పుపట్టాను. ఈ మధ్య చాలా సంస్థలు సీసాలను మళ్ళీ వాడకానికి తేవడం సులువవుతుందని రంగు లేని మూతలు పెడుతున్నాయి కనుక మూత చూసి కాక, సీసా మీది కాగితం రంగు చూసి తీసుకోవాలి.

అర మీద ధర కింద సన్నని అక్షరాల్లో ఉండే కిలో ధర ఈ దేశంలో కొనుగోలుదారుకు దొరికిన గొప్ప ఆయుధం. పెద్ద ప్యాకెట్ చవక అనుకోవడం మనకు అలవాటు. అది ప్రతిసారీ నిజం కాదని ఆ సన్నని అంకెలే నాకు నేర్పాయి. చిక్కేమిటంటే ఒకే అరలో ఒక ప్యాకెట్‌కు కిలో లెక్కన, పక్కదానికి వంద గ్రాముల లెక్కన, మూడోదానికి ఒక్కో కాయ లెక్కన రాస్తారు. టమాటాల దగ్గర, వెల్లుల్లి దగ్గర నేను ఇప్పటికీ ఫోను తీసి లెక్కవేస్తాను. వ్యాపార పోటీని, మార్కెట్లను చూసే ప్రభుత్వ పర్యవేక్షక సంస్థ కూడా 2023లో ఈ అస్తవ్యస్తాన్ని ఎత్తిచూపింది.

కార్డు ధరల మాటకు వస్తే, టెస్కో క్లబ్‌కార్డు 1995 నుంచీ ఉన్నదే. అప్పట్లో కొన్నదానికి పాయింట్లు వచ్చేవి, మూడు నెలలకోసారి కూపన్లు పోస్టులో వచ్చేవి. కార్డు లేనివారికి కూపన్ రాదంతే. 2019లో టెస్కో కార్డు ఉన్నవారికి అర మీదే వేరే ధర పెట్టడం మొదలుపెట్టింది. 2023లో సెయిన్స్‌బరీస్ కూడా నెక్టార్ కార్డుకు అదే దారి పట్టింది. ఈ తగ్గింపులు ఉత్తవేనని చాలామంది అంటుంటారు. 2024 నవంబరులో అదే పర్యవేక్షక సంస్థ దాదాపు 50,000 సరుకులను పరిశీలించి, వాటిలో 92 శాతం తగ్గింపులు మామూలు ధరతో పోల్చినా నిజమైనవేనని తేల్చింది. నా రసీదులూ ఇంచుమించు అదే చెబుతున్నాయి. కనుక కార్డు తీసుకోండి. తీసుకోకపోతే నష్టం మీదే. అయితే తగ్గింపు నిజమైనది కావడం వల్లనే నా బాధ ఇంకా ఎక్కువ, ఎందుకంటే కార్డు లేనివారు చెల్లించే అదనపు సొమ్ము కూడా అంతే నిజమైనది. కొన్ని సంస్థలు ప్లాస్టిక్ కార్డు ఇస్తున్నాయి; కొన్నింటికి ఫోనులో యాప్ తప్పనిసరి. మా పక్కింటి పెద్దావిడకు ఎనభై దాటాయి. ఆవిడ దగ్గరున్నది బొత్తాల ఫోను.

ఒకరోజు ఒక పెద్ద దుకాణంలో ఆవిడ నా ముందే నిలబడి ఉంది. గుమస్తా ఉన్న గల్లాలు రెండూ మూసి ఉన్నాయి, సెల్ఫ్ చెకౌట్ యంత్రాలు మాత్రం పద్నాలుగు వెలుగుతున్నాయి. విడిగా ఏరుకున్న నాలుగు ఆపిల్ పళ్ళను ఎలా తూచాలో తెలియక ఆవిడ వాటిని ఒక్కొక్కటిగా తిరిగి బుట్టలోకి సర్దుకుంది. సాయం చేయవలసిన ఉద్యోగి ఒక్కడే ఆరు యంత్రాల ఎర్ర దీపాల మధ్య పరుగెడుతున్నాడు. తప్పు అతనిది కాదు. ఉత్తర ఇంగ్లండ్‌లోని బూత్స్ సంస్థ 2023లో తన దుకాణాల్లో చాలావాటి నుంచి ఈ యంత్రాలను తీసివేసిందని చదివినప్పుడు, అలాంటి దుకాణం ఒకటి మా వైపూ ఉంటే బాగుండునని మనసారా అనుకున్నాను.

ఇంటికి తెప్పించుకునే సౌకర్యం గురించి క్లుప్తంగా చెబుతాను. 2020 మార్చిలో అరలు ఖాళీ అయి, డెలివరీ వేళ దొరకడమే వరమైపోయిన రోజుల్లో అది మమ్మల్ని నిజంగా ఆదుకుంది. బరువైన నూనె డబ్బాలు, సబ్బుల పొడులకు ఇప్పటికీ మంచిదే. ఆకుకూరలకు మాత్రం వద్దు. సరుకు లేనప్పుడు బదులుగా మరొకటి పంపే పద్ధతి ఒకటుంది. కొత్తిమీర అడిగితే పార్స్‌లీ పంపారు, ఆ పూట రసం దానితోనే దించాను.

ఇప్పుడు మన సరుకుల సంగతి. పెద్ద సూపర్‌మార్కెట్లలో ప్రపంచ ఆహారాల వరుస అని ఒకటుంటుంది. అక్కడ బాస్మతి బియ్యం, గోధుమపిండి, శనగలు, పసుపు వంటివి మంచి ధరకే దొరుకుతాయి; పండుగల ముందు పది కిలోల సంచుల మీద ఇచ్చే తగ్గింపు మన దుకాణాల్లో కూడా ఉండదు. కాని ఆ వరుస పంజాబీ, గుజరాతీ వంటింటిని తలుచుకుని సర్దినది. మన సోనా మసూరి, గోంగూర, మినపగుళ్ళు, ఇడ్లీ రవ్వ కావాలంటే ఆక్స్‌ఫర్డ్ రోడ్డుకో, మరో మనవాళ్ళ దుకాణానికో వెళ్ళవలసిందే. రెడింగ్ బస్సుల్లో 17 నంబరు ఊదారంగు బస్సు ఆ రోడ్డు మీదుగానే వెళుతుంది. మొదటి రెండేళ్ళు కందిపప్పు సంచి ఒళ్ళో పెట్టుకుని దానిలోనే వచ్చేదాన్ని. కందిపప్పు కొనేటప్పుడు ప్యాకెట్ మీద ‘ఆయిలీ’ అనే చిన్న మాట ఉందేమో చూసుకోండి. పురుగు పట్టకుండా ఆముదం రాసిన పప్పు అది. జిడ్డుగా, మెరుస్తూ ఉంటుంది. వేడినీళ్ళతో రెండుమూడుసార్లు కడిగితే తప్ప ముద్దపప్పుకు రుచి రాదు. నూనె రాయని పప్పు ధర కాస్త ఎక్కువైనా అదే కొనడం మేలు.

పెద్ద సంస్థల అరలకూ మన దుకాణాల అరలకూ మధ్య నేను చూసిన అసలు తేడా కొరత వచ్చినప్పుడు బయటపడుతుంది. 2023 ఫిబ్రవరిలో స్పెయిన్, మొరాకోలలో చలివల్ల పంట దెబ్బతిని, పెద్ద సూపర్‌మార్కెట్లు టమాటాలు, దోసకాయలు మనిషికి రెండో మూడో ప్యాకెట్లని పరిమితి పెట్టాయి. ఆ వారాల్లోనే ఆక్స్‌ఫర్డ్ రోడ్డు మీద పెట్టెలకొద్దీ టమాటాలు ఉన్నాయి, ధర ఎక్కువే అయినా. అదే ఏడాది జులైలో భారత ప్రభుత్వం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించగానే పరిస్థితి తిరగబడింది. నేను వెళ్ళిన దుకాణంలో ఇంటికి ఒక్క బస్తా అన్నారు, ధర వారంలో రెండుసార్లు మార్చారు. 2024 సెప్టెంబరులో నిషేధం ఎత్తివేశాక కూడా ధర పూర్తిగా కిందికి రాలేదు. అంతకుముందు 2014 మేలో యూరప్ మన మామిడిపళ్ళతో పాటు వంకాయ, కాకర, పొట్లకాయ, చేమలను కూడా ఆపేసింది. మామిడికి మరుసటి ఏడాది అనుమతి వచ్చింది కాని తక్కినవాటికి ఇంకా చాలాకాలం పట్టింది. ఆ ఏడాది మా అమ్మ ఇక్కడ ఉంది. పొట్లకాయ పెరుగుపచ్చడి అడిగి, దొరకదంటే నమ్మలేదు.

మన దుకాణాల్లో లోపాలు లేవని కాదు. కొన్నిచోట్ల సరుకు మీద ధరే ఉండదు, గడువు తేదీ దాటిన పచ్చడి సీసాలు వెనక వరుసలో కనిపిస్తాయి, కొన్నది కనీస మొత్తానికి తక్కువైతే బ్యాంకు కార్డు తీసుకోము అంటారు. అయినా కొత్తిమీర అక్కడ కట్టగా వస్తుంది. సూపర్‌మార్కెట్‌లో ముప్ఫై గ్రాముల ప్లాస్టిక్ పెట్టెలో వస్తుంది. గుప్పెడు కొత్తిమీర అంటే ఎంతో తెలిసినవాడు గల్లా దగ్గర ఉండటానికి విలువ ఉంది.

మూతపడినవాటి గురించి ఒక మాట. వూల్‌వర్త్స్ చివరి దుకాణాలు 2009 జనవరి 6న మూతపడ్డాయి. విల్కో పాత దుకాణాలన్నీ 2023 అక్టోబరుకల్లా మూతపడ్డాయి. స్క్రూలు, పూలకుండీలు, దీపావళికి ప్రమిదల్లాంటి గాజు దీపాలు నేను విల్కోలోనే కొనేదాన్ని. అవి ఇప్పుడు ఆన్‌లైన్‌లో వస్తున్నాయి, కాని ఆ దుకాణానికి నడిచి వెళ్ళి, బల్ల మీద కూర్చుని, నలుగురితో మాట్లాడి వచ్చే పెద్దవారికి ఆన్‌లైన్ ఏం చేస్తుంది?

ప్రస్తుతం మా ఏర్పాటు ఇలా ఉంది. పాలు, గుడ్లు, కూరగాయలు మంగళవారం ఆల్డీలో. పప్పులు, బియ్యం, ఆకుకూరలు కొత్త లోడు వచ్చే గురువారం ఆక్స్‌ఫర్డ్ రోడ్డులో. కార్డు ధర బాగున్న నూనె, సబ్బులు నెలకొకసారి పెద్ద దుకాణంలో. మూడు చోట్ల తిరగడం శ్రమే, కాని ఒకేచోట కొన్న రోజులతో పోలిస్తే మా నెల ఖర్చులో తేడా స్పష్టంగా ఉంది. పెద్ద దుకాణానికి వెళ్ళే రోజున పక్కింటావిడ తన చీటీ తెచ్చి ఇస్తుంది: చిన్న బ్రెడ్డు, ఆరు గుడ్లు, మార్మలేడ్, పిల్లికి ఆహారం, నాలుగు ఆపిల్ పళ్ళు. ఆవిడ సరుకులు విడిగా నా కార్డుతోనే కొని, రసీదు ఆవిడకు ఇస్తాను. ఆవిడ చిల్లర లెక్కపెట్టి పెన్నీతో సహా నా చేతిలో పెట్టి, రసీదు అడుగున కార్డు వల్ల తగ్గిన మొత్తాన్ని పెన్సిల్‌తో చుట్టి, దాన్ని వంటింటి సొరుగులో దాచుకుంటుంది.