లండన్‌లో పర్లాకిమిడి వాళ్లు తప్పక చూడాల్సినవి

పిల్లలు లండన్ చుట్టుపక్కల ఉంటే, ఇక్కడి నుంచి వెళ్లే అమ్మానాన్నలకు ముందు లండన్ ఐ, టవర్ బ్రిడ్జి, బకింగ్‌హామ్ ప్యాలెస్ గేటు చూపిస్తారు. మా అమ్మాయీ అవే చూపించింది. బాగున్నాయి. అయితే ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న మన పర్లాకిమిడి మనుషులకు ఆ ఊళ్లో వాటికన్నా మనసుకు దగ్గరి చోట్లున్నాయి, పైగా వాటికి టికెట్టు లేదు. ఈ ఎండాకాలం మన వీధుల నుంచి వెళ్లేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి వాళ్ల కోసం రాస్తున్నాను.

అమ్మాయి, అల్లుడు ఉండేది రెడింగ్‌లో. అక్కడ ఎలిజబెత్ లైను రైలెక్కితే ఎక్కడా మారకుండా గంటలో టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్ స్టేషన్‌లో దిగొచ్చు. ప్లాట్‌ఫాం నుంచి రోడ్డు మీదకి లిఫ్టు ఉంది. మోకాళ్ల నొప్పులున్న మావారికి ఇది పెద్ద ఉపకారం. ఒక్క సంగతి మాత్రం ముందే తెలుసుకోండి: ఆ రైల్లో టాయిలెట్ ఉండదు. షుగర్ ఉన్నవాళ్లు స్టేషన్‌లోనే చూసుకుని ఎక్కాలి. లండన్ మెట్రో 1863లో మొదలైంది, పాత స్టేషన్లు చాలావాటిలో మెట్లే దిక్కు. అందుకే ఊళ్లో తిరగడానికి మేం బస్సునే నమ్ముకున్నాం. బస్సులో డబ్బులు తీసుకోరు, కార్డు ఆనించాలి. గంటలోపు ఎన్ని బస్సులు మారినా చార్జీ ఒక్కటే. పదకొండేళ్లలోపు పిల్లలకు ఉచితం, కాబట్టి మా మనవడికి ఖర్చే లేదు.

రోజూ రెడింగ్ నుంచి వచ్చిపోతే పెద్దవాళ్లు అలిసిపోతారని అల్లుడుగారు వారాంతానికి బ్లూమ్స్‌బరీలో ఒక చిన్న హోటల్ తీసుకున్నారు. లిఫ్టు ఉందని రాశారు గానీ అది మా అంతస్తు దాకా రాలేదు. చివరి మెట్లు మావారు కమ్మీ పట్టుకుని ఎక్కారు. గది ఇరుకు, పొద్దున టిఫిన్‌లో మనం తినగలిగేది బ్రెడ్డు, పండ్లు. అయినా నా మాట అడిగితే పెద్దవాళ్లతో వెళ్లినప్పుడు ఊరి మధ్యలో బస తీసుకోవడమే మంచిది. పొద్దున బ్రిటిష్ మ్యూజియంకి నడిచి వెళ్లి, మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చి, మళ్లీ వెళ్లగలిగాం. బుక్ చేసేటప్పుడే కింది అంతస్తు గది కావాలని రాయించండి.

ఇక బ్రిటిష్ మ్యూజియం. 1759లో జనానికి తెరిచారు, ఇప్పటికీ ప్రవేశం ఉచితం. వెబ్‌సైట్‌లో టైము బుక్ చేసుకుంటే గుమ్మం దగ్గర కొంత తిప్పలు తప్పుతుంది, బ్యాగుల తనిఖీ మాత్రం అందరికీ ఉంటుంది. శుక్రవారం రాత్రి ఎనిమిదిన్నర దాకా తెరిచే ఉంచుతారు. ఈజిప్టు మమ్మీల దగ్గర జనం కిక్కిరిసి ఉంటారు, మనవడి కోసం అటు ఒక చుట్టు చుట్టి వచ్చాం. మీరు అడగాల్సింది 33వ నంబరు గది. దాని చివర అద్దాల గోడల వెనక 33ఎ ఉంది. ఈ మ్యూజియంలోని అమరావతి స్తూపం రాళ్లు ఉండేది అందులో. ఏ రోజు ఏ గది మూసి ఉందో ముందుగా చూసుకుని బయల్దేరండి.

ఆ గదిలో నాకు కాళ్లు కదల్లేదు. కృష్ణ ఒడ్డున ఉండాల్సిన సున్నపురాయి పలకలు నిలువెత్తున వరసగా నిలబడి ఉన్నాయి. ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ 1797లో అమరావతి స్తూపం దిబ్బను చూశాడు, 1845లో మద్రాసు అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించాడు, 1859లో మద్రాసు నుంచి ఓడలో పంపారు, 1880లో ఈ మ్యూజియంకి చేరాయి. మావారు స్కూల్లో చరిత్ర చెప్పినవారు. వంశధార ఒడ్డున శాలిహుండానికి ఎన్నోసార్లు పిల్లల్ని తీసుకెళ్లారు. అక్కడ ఇటుకల దిబ్బ చూపించి స్తూపం ఇలా ఉండేదని చేతులతో చెప్పడమే. ఇక్కడ ఒక పలక మీద మహాచైత్యం, అంటే అమరావతి పెద్ద స్తూపం, బొమ్మే చెక్కి ఉంది. గుమ్మటం, దాని మీద పూలదండలు, గుమ్మం ముందు సింహాలు, పైన ఎగిరే దేవతలు, అన్నీ తెలుస్తున్నాయి. అదే పలకకు రెండో వైపు అంతకన్నా కొన్ని వందల ఏళ్ల ముందు చెక్కిన బోధివృక్షం, కింద ఖాళీ ఆసనం. బుద్ధుణ్ణి మనిషి రూపంలో చూపించని కాలం అది. పాత రాయిని తిప్పి, వెనక వైపు మళ్లీ వాడుకున్నారన్నమాట. మావారు మనవణ్ణి పక్కన నిలబెట్టుకుని ఒక్కొక్కటే చెబుతుంటే, ఎవరో తెల్లావిడ కూడా ఆగి చూసింది.

33వ గదిలోనే ఒడిశా శిల్పాలూ ఉన్నాయి. ముఖలింగం గుడి గోడల మీద చిన్నప్పటి నుంచి చూసిన కళ్లకు ఆ నడుము వంపు, ఆ నగలు కొత్తగా అనిపించవు. ఇవన్నీ ఇక్కడెందుకున్నాయన్న బాధ నాకు చాలా ఉంది, అమరావతి రాళ్లు అమరావతి మట్టి మీదే ఉండాలని నా నమ్మకం. అలాగని చూడకుండా రావద్దు. ఆ రాళ్ల దగ్గర తెలుగు మాట వినపడడం కూడా అవసరమే.

మధ్యాహ్నానికి కట్టుకెళ్లిన పులిహోర రస్సెల్ స్క్వేర్ తోటలో బెంచీ మీద తిన్నాం. అక్కడికి దగ్గరలోనే టావిస్టాక్ స్క్వేర్‌లో గాంధీగారి విగ్రహం ఉంది, 1968లో పెట్టింది. పది నిమిషాల పని, వెళ్లిరండి.

రెండో ముఖ్యమైన చోటు సెయింట్ జేమ్స్ ప్యాలెస్. పాల్ మాల్ వీధి చివర ఎర్ర ఇటుకల గేటు, పైన గడియారం, ముందు కాపలా సిపాయి. లోపలికి మామూలుగా వదలరు. గైడు బస్సులు ఆగకుండా వెళ్లిపోతాయి. మనం మాత్రం ఆగాలి. భారతదేశ పాలన గురించి బ్రిటిష్ ప్రభుత్వం పెట్టిన, 1930 నవంబరులో మొదలైన మొదటి రౌండ్ టేబుల్ సమావేశం చర్చలు ఇక్కడే జరిగాయి. మన మహారాజు కృష్ణచంద్ర గజపతి అందులో కూర్చుని ఒడిశాకు వేరే రాష్ట్రం కావాలని అడిగారు. 1936 ఏప్రిల్ 1న అది ఏర్పడింది, మన ఊరు అందులోకి వెళ్లింది. దానికి ఒప్పుకోని గిడుగు రామమూర్తి పంతులుగారు అన్నేళ్లు ఉన్న ఊరిని వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు అన్న మన బతుకు మొదలు ఆ గేటు లోపలి మాటల్లో ఉంది. ఊళ్లో రాజావారి కోటను రోజూ చూసే మాకు ఈ సంగతి పుస్తకంలో తెలుసు. అక్కడ నిలబడ్డాక మావారూ నేనూ ఆ రోజంతా దాని గురించే మాట్లాడుకున్నాం.

టవర్ ఆఫ్ లండన్‌కి టికెట్టు మనిషికి ముప్పై పౌండ్లు దాటుతుంది. కోహినూర్ చూడాలంటే అంత పెట్టక తప్పదు. 105.6 క్యారెట్ల రాయి, ఒక రాణి కిరీటంలో ఉంది. కదిలే పట్టీ మీద నిలబెట్టి కిరీటాల ముందు నుంచి లాగేస్తారు, కాబట్టి మళ్లీ వెనక్కి వచ్చి ఇంకోసారి ఎక్కండి. లోపల మెట్లు, రాతి నేల ఎక్కువ. మోకాళ్లు సహకరించనివాళ్లు మానుకున్నా నష్టం లేదు.

పిల్లలుంటే నేచురల్ హిస్టరీ మ్యూజియం, ఉచితమే. హాల్లో పైకప్పుకు వేలాడే నీలి తిమింగలం ఎముకల గూడు పాతిక మీటర్లు. మనవడు అక్కడి నుంచి కదలనన్నాడు. లండన్ ఐ మాత్రం ఆకాశం తేటగా ఉన్న రోజు తప్ప ఎక్కకండి, మబ్బులో ఎక్కితే డబ్బు దండగ.

మాకు మిగిలిపోయింది సి.పి. బ్రౌన్ సమాధి. 1884లో పోయిన ఆయన్ని కెన్సల్ గ్రీన్ శ్మశానంలో పెట్టారు. వాన వదల్లేదు, విమానం టైము దగ్గరపడింది. మీలో ఎవరైనా వెళితే ఫొటో తీసి పంపండి, మావారు ఎదురుచూస్తున్నారు.