గాలి రోడ్ల మీద మూడేళ్లు: ఎడమ క్రాంక్ పవర్ మీటర్ గురించి

రోడ్ బైక్‌కి పవర్ మీటర్, అంటే తొక్కే బలాన్ని వాట్లలో చూపించే పరికరం, బిగించి మూడేళ్లు దాటింది. ఈలోగా సైకిల్ 21 వేల కిలోమీటర్లు తిరిగింది. అమలాపురం చుట్టుపక్కల కాలవ రోడ్లు, గౌతమి ఏటిగట్టు, రాజోలు వైపు హైవే, ఆదివారాలు యానాం దాకా. మా దగ్గర కొండ అన్నది లేదు. ఎక్కాలంటే వంతెనలే ఎక్కాలి. ఇలాంటి చదును నేల మీద తొక్కేవాడికి పవర్ మీటర్ ఎందుకని కొనేముందు చాలామంది అడిగారు. వాళ్ల కోసం, అదే సందేహంలో ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

నాది ఎడమ క్రాంక్‌కి (పెడల్ బిగించే కాడకి) మాత్రమే ఉండే రకం. మా బావ సింగపూర్ నుంచి వస్తూ తెచ్చిపెట్టాడు, మన డబ్బుల్లో 28 వేలు అయింది. క్రాంక్ లోపలి వైపు సగం అగ్గిపెట్టెంత డబ్బా. పెడల్ నొక్కినప్పుడల్లా క్రాంక్ కంటికి కనిపించనంత వంగుతుంది. ఆ వంపును లోపలున్న స్ట్రెయిన్ గేజ్ పట్టుకుంటుంది, కాలు తిరిగే వేగంతో ఆ బలాన్ని గుణించి వాట్లు లెక్కకడుతుంది. కుడి కాలు సంగతి దానికి తెలియదు. ఎడమ కాలి అంకెను రెండుతో గుణించి చూపిస్తుంది. ఈ లోపం గురించి తర్వాత చెబుతాను.

ఒకసారి ఆగస్టులో, ఆదివారం రాజోలు బయల్దేరాను. బోడసకుర్రు వంతెన మీదికి వచ్చేసరికి పడమటి గాలి ముఖాన కొట్టింది. కింద వైనతేయ పాయలో నీళ్లు పైకి లేస్తున్నాయి, హ్యాండిల్ పక్కకు లాగేస్తోంది. రాజోలు చేరేసరికి సగటు వేగం 25. కిందటి వారం గాలి లేని పొద్దున అదే రోడ్డు మీద 31 వచ్చింది. ఇంటికొచ్చి, ఒంట్లో ఏదో తేడా చేసిందనుకుంటూ మీటర్ అంకెలున్న ఫైలు తెరిచాను. 31తో వెళ్లిన రోజు సగటు 168 వాట్లు, 25తో వెళ్లిన రోజు 201. అప్పటికి నేను గంటసేపు తొక్కిన వాటిలో అదే గట్టి రైడు. వేగం మాత్రమే చూసుకుని ఉంటే ఆ రోజును చెడిపోయిన రోజుల్లో రాసుకునేవాణ్ణి.

అప్పటి నుంచి గాలి రోజులను కొండ రోజుల్లాగా వాడుకుంటున్నాను. ఎదురుగాలిలో 200 వాట్లు పట్టి కూర్చుంటే వేగం 25, వెనుదిరిగి అదే 200 వాట్లకు 42. కాలికి తెలిసే బరువు ఒక్కటే. గాలి నిరోధం వేగానికి వర్గంగా, దాన్ని నెట్టడానికి కావలసిన పవర్ దాదాపు ఘనంగా పెరుగుతాయి కాబట్టి, గాలి లేని పొద్దున 30తో వెళ్లడానికి నాకు 150 వాట్లు చాలు, 35 కావాలంటే 225 పెట్టాలి. ఐదు కిలోమీటర్ల కోసం ఒకటిన్నర రెట్ల బలం. ఇది అంకెల్లో చూశాకే డ్రాప్స్ (హ్యాండిల్ కింది వంపులు) పట్టుకుని, మోచేతులు వంచి తొక్కడం నేర్చుకున్నాను. అలా వంగితే అదే వాట్లకు నాకు దాదాపు కిలోమీటరు వేగం ఉచితంగా వస్తోంది. నడుం అలవాటు పడడానికి మాత్రం రెండు నెలలు పట్టింది.

మొదటి 20 నిమిషాల పరీక్షలో సగటు 187 వాట్లు. అందులో 95 శాతం తీసుకుంటే ఎఫ్‌టీపీ 178, అంటే గంటసేపు నిలబెట్టగల బలానికి దగ్గరి అంకె. మొన్న డిసెంబరులో అదే పరీక్షలో 248, ఎఫ్‌టీపీ 236. ఆరు నెలలైనా 185 దగ్గరే ఆగిపోయిన రోజులు కూడా ఉన్నాయి. కారణం మీటరే చూపించింది. అప్పట్లో రోజూ 150, 160 వాట్లలో తొక్కేవాణ్ణి. కష్టపడ్డట్టు ఉంటుంది గానీ ఆ తొక్కుడు విశ్రాంతీ కాదు, గట్టి సాధనా కాదు. ఆ తర్వాత పద్ధతి మార్చాను. ప్రతి మంగళవారం 20 నిమిషాలు రెండుసార్లు, ఎఫ్‌టీపీలో 90 శాతంతో. గురువారం నాలుగు నిమిషాలు ఐదుసార్లు, 110 శాతంతో. మిగతా రోజులు 110, 120 వాట్లు దాటకుండా. అంత నెమ్మదిగా వెళ్తుంటే పాలవాళ్ల మోపెడ్లు దాటిపోతాయి, పోనివ్వాలి. ఈ ఒక్క మార్పుతో నాలుగు నెలల్లో 20 వాట్లు పెరిగాయి.

20 నిమిషాలు ఆగకుండా తొక్కే రోడ్డు దొరకడం ఇక్కడ పెద్ద పని. ఊరూరా స్పీడ్ బ్రేకర్లు, లాకుల దగ్గర మలుపులు, గేదెలు. ముక్తేశ్వరం దగ్గర ఏటిగట్టు మీద తెల్లవారుజామున ఐదింటికి ఒక ముక్క దొరికింది, అక్కడే చేస్తాను. సార్వా కోతలప్పుడు రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు, ఆ నెల రోజులు పరీక్షలు మానేస్తాను. వాళ్ల ఏడాది కష్టం మీదుగా చక్రం పోనివ్వడం నాకు ఇష్టం లేదు.

మే నెలలో వాట్లను గుండెతో కలిపి చూడండి. జనవరిలో 180 వాట్లకు నా గుండె 148 కొట్టుకుంటే, మేలో అదే వాట్లకు 162. ఈ ఉక్కలో చెమట ఆరదు, ఒంటిని చల్లబరచడానికి గుండె అదనంగా పనిచేయాలి. ఆ నెలలో లక్ష్యం 10 వాట్లు తగ్గించుకుంటాను. రెండు గంటలు దాటే రైడుకి గంటకు 60 గ్రాముల పిండిపదార్థం కావాలి. కొబ్బరిబోండాం దాహం తీరుస్తుంది గానీ ఆ లెక్కకు చాలదు, జేబులో అరటిపళ్లు, బెల్లం ఉండాల్సిందే.

ఇక లోపాలు. ఒక స్నేహితుడి రెండువైపులా కొలిచే పెడల్స్ ఒక రోజు నా సైకిల్‌కి బిగించి చూశాం. నా ఎడమ కాలు 52 శాతం, కుడి 48. అంటే నిజంగా 200 తొక్కినప్పుడు నా మీటర్ 208 చూపిస్తోంది. పైన చెప్పిన అంకెలన్నిటికీ ఈ తేడా ఉంది. నాతో నేను పోల్చుకోవడానికి ఫర్వాలేదు, ఇంకొకరితో పోటీ పెట్టుకోకూడదు. అలసిపోయాక ఆ నిష్పత్తి మారితే మాత్రం ఈ మీటర్‌కి తెలియదు.

రెండోది నీళ్లు. రెండో ఏడాది అక్టోబరు వానల్లో అంబాజీపేట దాటాక అంకె 0 దగ్గర ఆగిపోయింది. రోడ్డు పక్కన మూత విప్పితే బిళ్ల బ్యాటరీ అంచున పచ్చటి చిలుము, లోపల నీటి చుక్క. మూత కింది రబ్బరు రింగు సాగిపోయి ఉంది. కంపెనీకి రాస్తే వానలో వాడినందుకు వారంటీ వర్తించదన్నారు. వాననీళ్లను తట్టుకుంటుందని పెట్టె మీద అచ్చేసి అమ్మి ఆ మాట అనడం నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు. ఊళ్లో వాచీలు బాగుచేసే ఆయన దూదితో తుడిచి, కొత్త రింగు వేసి 60 రూపాయలు తీసుకున్నారు. ఏడాదికొకసారి ఆ రింగు మారుస్తున్నాను, మళ్లీ ఆగలేదు. ఇంకో మాట. ఇంట్లోంచి బయటికి తెచ్చిన వెంటనే మీటర్‌ని జీరో చేయకండి (పెడల్ మీద బలం లేనప్పుడు సున్నా చూపేలా సరిచేయడం), బయటి వేడికి పది నిమిషాలు అలవాటు పడనివ్వండి.

కొత్తగా సైకిల్ కొన్నవాళ్లు పవర్ మీటర్ కోసం తొందరపడక్కర్లేదు. మంచి టైర్లు, సరైన ఫిటింగ్, ఏడాది తొక్కుడు ముందు. వారంలో ఆరేడు గంటలు తొక్కుతున్నా బలం పెరగకుండా ఆగిపోయినవాళ్లు తీసుకోవచ్చు. నేనైతే ఈసారి రెండువైపులా కొలిచే పెడల్స్ కొంటాను, ఆ డబ్బు కూడబెడుతున్నాను. ఈ క్రాంక్ మా తమ్ముడి సైకిల్‌కి వెళ్తుంది.