పక్క పేజీ బాణం: పూర్వీకుల వేటలో నాలుగేళ్లు

పూర్వీకుల్ని వెతికే సైట్ల గురించి నాలుగేళ్ల కిందట మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఓ మాట రాశాను. "పేరు కొడితే చాలు, మిగతాదంతా సైటే చూసుకుంటుంది" అని. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. సైటు చూసుకోబట్టే ఎనిమిది నెలలు ఎవరి తాతల్నో మా తాతలనుకుని మురిసిపోయాను. అయినా ఏటా డబ్బు కడుతూనే ఉన్నాను. కారణం ఒకటే. పాత రిజిస్టరు ఫొటో పక్కన చిన్న బాణం గుర్తు ఉంటుంది, నొక్కితే తర్వాతి పేజీ వస్తుంది. నన్ను ముంచింది వాళ్ల తెలివైన సెర్చ్ అయితే, ఒడ్డుకు చేర్చింది ఈ తెలివిలేని బాణం.

మా అమ్మమ్మ గుంతకల్లు రైల్వే కాలనీలో పుట్టిన ఆంగ్లో-ఇండియన్. తెలుగింటి కోడలై వచ్చి, సీమ యాసలో తెలుగు, మధ్యమధ్య ఇంగ్లీషు తిట్లు కలిపి మాట్లాడేది. ఆమె ముత్తాత ఇంగ్లండు నుంచి రైల్వే పనికి వచ్చాడని మాత్రం ఇంట్లో అందరికీ తెలుసు. ఏ ఊరో ఎవరికీ తెలీదు. నేను రిటైరయ్యాక పట్టుకున్న పని ఇది.

తాతయ్య వైపు, అంటే తెలుగు వైపు, ఈ సైట్లతో నాకు ఒరిగింది దాదాపు సున్నా. మనకూ బ్రిటిష్ వాళ్ల కాలం నుంచి జనగణన ఉంది కానీ, చేతికి దొరికేవి జిల్లాకు ఎంతమంది, కులానికి ఎంతమంది అనే లెక్కల పుస్తకాలే. ఫలానా ఇంట్లో ఫలానా మనిషి అని చూపించే కాగితం దొరకదు. ఇంగ్లండులో అలా కాదు. 1841 నుంచి పదేళ్లకోసారి ఇంటింటికీ తిరిగి రాసిన పేర్లు, వయసులు, పనులు ఫొటోలతో సహా చూడొచ్చు. వందేళ్లు దాటితే బయటపెడతారు. 1921వి 2022లో వచ్చాయి.

మొదటి ఆధారం తేలిగ్గానే దొరికింది. మద్రాసు ప్రెసిడెన్సీలో పాదిరీలు చర్చిలో జరిగిన బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధుల వివరాలకు నకలు రాయించి లండన్ పంపేవారు. అవిప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. అందులో అమ్మమ్మ ముత్తాత పెళ్లి నమోదు కనిపించింది: 1863, పేరు జాన్, వయసు 31, పని ఫిట్టరు, తండ్రి పేరు థామస్. కింద పెళ్లికొడుకు సంతకం చూసి ఉద్వేగంతో మా ఆవిణ్ణి పిలిచాను. ఆవిడ కళ్లజోడు సర్దుకుని, "పెళ్లికూతురు సంతకం, సాక్షుల సంతకాలు కూడా అదే చేతిరాతలో ఉన్నాయేంటి?" అంది. నకలు కదా, అన్నీ గుమాస్తానే రాశాడు.

1863లో 31 అంటే 1832 ప్రాంతంలో పుట్టాడు. ఇంటిపేరు ఇక్కడ రాయను గానీ, 'ట్రె'తో మొదలవుతుంది. ఇంగ్లండు నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్‌లో ట్రె, పోల్, పెన్ అని మొదలయ్యే ఇంటిపేర్లు వీధికి పది ఉంటాయి. రాగి, తగరం గనుల ప్రాంతం. గనుల్లో నీళ్లు తోడే ఆవిరి యంత్రాల దగ్గర పని నేర్చుకున్నవాడు రైల్వేకి రావడంలో వింతేమీ లేదు.

అప్పుడే సైటు ఒక హింట్ ఇచ్చింది. ఇల్లోగన్ అనే పారిష్‌లో (ఒక చర్చి పరిధిలోకి వచ్చే ఊళ్లను అలా అంటారు) 1832లో బాప్తిస్మం, జాన్, తండ్రి థామస్, ఇంటిపేరు అదే. దానికి తోడు నలభైకి పైగా ఇతరుల వంశవృక్షాల్లో అదే జాన్ ఉన్నాడు. నలభై మంది చెప్పాక అనుమానమెందుకు? ఒప్పుకున్నాను. ఇక మెట్టు మీద మెట్టు హింట్లు వస్తూనే ఉన్నాయి. ఎనిమిది నెలల్లో 1690ల దాకా వెళ్లాను. పాత పేజీల్లో లాటిన్ తగిలితే 'ఫిలియస్' అంటే కొడుకని నేర్చుకుని ఎంత పొంగిపోయానో! చార్టు ప్రింటు తీయించి, ఫ్రేము కట్టించి పెద్ద మేనమామకు పంపాను.

తర్వాత ఒకరోజు, అదే ఇల్లోగన్‌లో ఆ జాన్ నాయనమ్మ ఎప్పుడు పోయిందో చూద్దామని సమాధుల రిజిస్టరు తెరిచాను. ఆ ఏళ్ల పేజీలను ఇంకా ఎవరూ టైపు చేయలేదు కాబట్టి సెర్చ్‌కు అందవు, ఒక్కో పేజీ తిప్పుకుంటూ పోవాల్సిందే. 1813 నుంచి అచ్చు ఫారాలు వచ్చాయి, పేజీకి ఎనిమిది మంది. బాణం నొక్కుతూ, టీ తాగుతూ చూస్తున్నాను. 1833లో ఒక పేజీ మధ్యలో మా జాన్. అదే ఇంటిపేరు, అదే పల్లె. వయసు గడిలో 14 నెలలు అని ఉంది.

పద్నాలుగు నెలలకే పోయిన పిల్లాడు ముప్పై ఏళ్ల తర్వాత మద్రాసులో పెళ్లెలా చేసుకుంటాడు? ఆ సాయంత్రం ఎవరితోనూ మాట్లాడలేదు. ఇంకో జాన్ అయ్యుండొచ్చని ఆశ చావక 1841 జనగణన తీశాను. అందులో ఎవరు ఎవరికి ఏమవుతారో రాయరు, పెద్దవాళ్ల వయసులు ఐదుల లెక్కకు తగ్గించి రాస్తారు. పదిహేనేళ్ల లోపు పిల్లల వయసు మాత్రం సరిగ్గానే ఉంటుంది. ఆ ఇంట్లో తొమ్మిదేళ్ల జాన్ లేడు. మొదటి రోజే ఈ పేజీ చూసుంటే పది నిమిషాల్లో తేలిపోయేది. ఆ నలభై మందీ ఒకరి దాన్ని ఒకరు కాపీ కొట్టుకున్నవాళ్లే. సైటుకు రాశాను. హింట్లు సూచనలు మాత్రమేనని, సరిచూసుకోవాల్సింది నేనేనని మర్యాదగా జవాబొచ్చింది. నిజమే అనుకోండి. మరి హింట్‌ను ఒప్పుకోవడానికి నొక్కే ఆ ఆకుపచ్చ బటన్ అంత పెద్దగా ఎందుకు పెట్టినట్టు?

మేనమామకు ఫోన్ చేసి ఫ్రేము తీసేయమన్నాను. ఆయన నవ్వి, "దాంట్లో లవ్‌డే లేదని అప్పుడే అనుకుంటి" అన్నాడు. లవ్‌డే ఎవరు మామా అంటే, "మా అమ్మకు మేనత్త లేదా? లవ్‌డే అవ్వ. క్రిస్మస్‌కు కేకులు చేసి పంపుతాండె. వాళ్ల ఇంట్లో పాతకాలం ముసలామె పేరంట అది" అన్నాడు. లవ్, డే అనే రెండు ముక్కలు కలిపి ఎవరో సరదాగా పెట్టిన పేరనుకునేవాణ్ణి. వెతికితే, అది ముఖ్యంగా కార్న్‌వాల్‌లో ఆడపిల్లలకు పెట్టుకున్న పాత పేరు. నేను కట్టిన చార్టులో జాన్ తల్లి పేరు మేరీ.

ఇక ఇంటిపేరు వదిలేసి లవ్‌డే కోసం వెతికాను. ఆ చుట్టుపక్కల లవ్‌డేలు డజన్లకొద్దీ ఉన్నారు. భర్త పేరు థామస్ అయినవాళ్లు ఉండే పారిష్‌లను ఏరుకుని, 1851 జనగణన పుస్తకాలు పేజీ పేజీ తిప్పాను. మూడు వారాలు పట్టింది. గ్వెన్నాప్ పారిష్‌లో దొరికారు. థామస్, గనిలో ఇంజన్ మనిషి, 45. భార్య లవ్‌డే. కొడుకు జాన్, కమ్మరి పని. సెర్చ్‌లో ఇన్నాళ్లూ ఎందుకు తగల్లేదో ఆ పేజీ చూడగానే అర్థమైంది. అప్పటి లెక్కల గుమాస్తాలు ఏ వయసువాళ్లు ఎంతమందో లెక్కపెట్టుకునేటప్పుడు ఒక్కో అంకె మీద పెన్సిల్‌తో గీత కొట్టుకుంటూ పోయారు. జాన్ 19లోని ఒకటి మీద ఆ గీత అడ్డంగా పడింది. టైపు చేసినవాళ్లు దాన్ని 49గా చదివారు. నలభై అయిదేళ్ల తండ్రికి నలభై తొమ్మిదేళ్ల కొడుకు! కంప్యూటరుకు అందులో తప్పేమీ కనిపించలేదు.

బాప్తిస్మం కూడా తర్వాత దొరికింది. పారిష్ చర్చిలో కాదు, మెథడిస్టులనే వేరే క్రైస్తవ శాఖ వాళ్ల చాపెల్ రిజిస్టరులో. కార్న్‌వాల్ గని కుటుంబాల్లో మెథడిస్టులు ఎక్కువ. ఈ సంగతి తెలియక పారిష్ రిజిస్టర్లే సర్వస్వం అనుకోవడం నా రెండో తప్పు.

బాణాన్ని ఇంత పొగిడాను గానీ, దానికీ చిక్కులున్నాయి. అన్ని రిజిస్టర్లకూ ఫొటోలు లేవు. ఉన్నా కొన్నింటిలో సిరా వెలిసిపోయి ఉంటుంది. గంటసేపు తిప్పితే నాకు మెడ పట్టేస్తుంది, కళ్లు మండుతాయి. ఉచితంగా దొరికే ఫ్యామిలీసెర్చ్ అనే సైటులో మద్రాసు బాప్తిస్మాల పట్టిక బాగా పనికొచ్చింది, కానీ అక్కడ కొన్ని ఫొటోలు వాళ్లు చెప్పిన కేంద్రాలకు వెళ్తేనే తెరుచుకుంటాయి. కార్న్‌వాల్ వరకైతే అక్కడి వాలంటీర్లు పారిష్‌లవారీగా టైపు చేసి పెట్టిన ఆన్‌లైన్ పారిష్ క్లర్క్స్ పట్టికలు కూడా ఉచితమే. నేను ముందు వాటిని చూసి, తర్వాతే డబ్బు కట్టే సైటులో ఫొటో తెరుస్తున్నాను.

కొనొచ్చా అంటే, నాకైతే గిట్టింది. నాకు ఒక కొమ్మ ఇంగ్లండు దాకా పోతుంది, పెన్షన్ వస్తుంది, మధ్యాహ్నాలు ఖాళీ. వంశమంతా ఇక్కడిదే అయితే మీ డబ్బుకు నేను పూచీ పడను. పాత పాస్‌బుక్కులు, దస్తావేజులు, గయ, హరిద్వార్ పండాల పుస్తకాలు ముందు చూసుకోండి. పాత మిషన్ చర్చికి చెందిన కుటుంబమైతే పాస్టరుగారిని అడిగి రిజిస్టరు చూడటం ఉత్తమం. గుంటూరులో లూథరన్ మిషన్ 1842లో మొదలైంది, ఆ వైపు వాళ్లకు నాకంటే మంచి అవకాశమే ఉండొచ్చు.

ఈసారి ఆటో రెన్యూవల్ మాత్రం ఆపేశాను. లవ్‌డే పుట్టింటి పేరు ఇంకా తెలీదు. జాన్ చెల్లెలు 1840లో పుట్టింది. 1837 జూలై నుంచి ప్రభుత్వ జనన నమోదు ఉంది, ఆ పట్టికలో తల్లి పుట్టింటి పేరు కూడా ఇస్తారు. అది చూశాక కడతాను. మేనమామ గోడ మీద మేకు అలాగే ఉంచానన్నాడు.