నేరుగా అడగడమా, కొంతకాలం వేచి ఉండడమా?

నిన్నటి వరకు ఆత్మీయంగా మాట్లాడిన వ్యక్తి ఉన్నట్టుండి ముభావంగా మారినప్పుడు మన ముందు రెండు దారులుంటాయి: కారణం నేరుగా అడగడం, లేదా ఏమీ అడగకుండా కొంతకాలం వేచి ఉండడం.

పని ఒత్తిడో, ఇంటి సమస్యో కారణమైతే వేచి ఉండడమే మేలు. అయితే ఆ ఎదురుచూపుకు గడువంటూ లేకపోతే, ప్రతి మౌనానికీ మనమే ఒక అర్థం కల్పించుకుని, లేని తప్పును మన మీదే మోపుకుంటాం.

అడిగితే తిరస్కారం వినవలసి వస్తుందన్న భయం ఉన్నమాట నిజమే గాని, అనిశ్చితి కంటే ఆ బాధ త్వరగా మానుతుందని నా నమ్మకం. ఎలా అడుగుతామన్నదే ఇక్కడ కీలకం. పసిపిల్లల అనుబంధాల గురించి బ్రిటిష్ మనోవైద్యుడు జాన్ బౌల్బీ ప్రతిపాదించిన సిద్ధాంతాన్ని 1987లో మనస్తత్వవేత్తలు సిండీ హేజన్, ఫిలిప్ షేవర్ పెద్దల ప్రేమకు అన్వయించారు. ఆ దృష్టితో చూస్తే, సాన్నిహిత్యం పెరిగేకొద్దీ వెనక్కి తగ్గే స్వభావం ఉన్నవారిని వరుస సందేశాలతో నిలదీస్తే వారు మరింత దూరమయ్యే అవకాశమే ఎక్కువ. అందుకే “నన్నెందుకు పట్టించుకోవడం లేదు?” అనే నిందకు బదులు, “ఈ మధ్య మన మాటలు తగ్గాయనిపిస్తోంది, వీలైనప్పుడు కారణం చెప్పు” అని ఒక్కసారి అడిగి, ఆపైన ఆగడం మంచిది. ఒకటి రెండు వారాలకూ జవాబు రాకపోతే, ఆ మౌనాన్నే జవాబుగా స్వీకరించవచ్చు.