డార్ట్స్ ప్రపంచ కప్, ఫ్రాంక్‌ఫర్ట్: జోడీల ఆట కోసం వెళ్ళి తీరాలి

రేటింగ్: 5కి 4

డార్ట్స్ (గుండ్రటి బోర్డుకి చిన్న బాణాలు విసిరే ఆట) గురించి ఒక్క ముక్క తెలియకపోయినా ఈ టోర్నమెంటుకు వెళ్ళొచ్చు. జర్మనీలో ఉంటున్న మనవాళ్ళకు, ముఖ్యంగా వేసవిలో ఊరి నుంచి పెద్దవాళ్ళు వచ్చి ఉన్న ఇళ్ళకు, గట్టిగా చెబుతున్నాను. కాకపోతే ఏ రోజుకి టికెట్ తీసుకోవాలన్నది చూసుకోవాలి. ఆ విషయం చివర్లో చెబుతాను.

పీడీసీ (ప్రొఫెషనల్ డార్ట్స్ కార్పొరేషన్) వాళ్ళు నడిపే ఈ పోటీ 2010లో ఇంగ్లండ్‌లో మొదలైంది. తర్వాత ఎక్కువగా హాంబర్గ్‌లోనూ ఫ్రాంక్‌ఫర్ట్‌లోనూ జరిగింది. 2022 నుంచి వరసగా ఫ్రాంక్‌ఫర్ట్ ఐస్‌స్పోర్ట్‌హాలేలోనే జూన్ నెలలో పెడుతున్నారు. నేను రాస్తున్నది 2025లో చూసినదాని గురించి. 40 దేశాలు, దేశానికి ఇద్దరేసి ఆటగాళ్ళు, నాలుగు రోజులు. ఇండియా జెర్సీతో నితిన్ కుమార్ ఆడిన పోటీ ఇదే.

ఆట చాలా తేలిక. 501 నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్కరు మూడేసి డార్ట్‌లు వేస్తూ, వచ్చిన పాయింట్లు తీసేసుకుంటూ సరిగ్గా సున్నాకి రావాలి. చివరి డార్ట్ మాత్రం డబుల్ గడిలోనే పడాలి. అంకెకు రెట్టింపు ఇచ్చే గడి డబుల్, మూడింతలు ఇచ్చేది ట్రిపుల్; బోర్డు నడిమధ్యన 50 ఇచ్చే బుల్ కూడా డబుల్ కిందే లెక్క. నిలబడి వేసే గీత నుంచి బోర్డుకి 2.37 మీటర్లు. వేరే టోర్నమెంట్లలో ఎవరి లెక్క వాళ్ళది. ఇక్కడ అలా కాదు. 2023లో నియమాలు మార్చి సింగిల్స్ పూర్తిగా తీసేశారు. ఇద్దరిదీ ఒకటే స్కోరు, ఒకరి తర్వాత ఒకరు వేయాలి. నన్ను అడిగితే ఈ పోటీకి ప్రాణం పోసిన మార్పు ఇదే. అంతకుముందు తొలి రౌండ్ తప్పిస్తే, ముందు రెండు సింగిల్స్ ఆడించి, తేలకపోతేనే జోడీలను దింపేవారు. ఒక్కడు బాగా ఆడితే దేశం బండి చాలా దూరం లాగేసేవాడు.

ఇప్పుడు అలా కుదరదు. ఒక గ్రూప్ మ్యాచ్‌లో చూసింది చెబుతాను. ఒక జట్టుకి 52 మిగిలింది, ఆటగాడి చేతిలో ఉన్నది ఒకే ఒక్క డార్ట్. ఒక్క డార్ట్‌కి వచ్చే పెద్ద డబుల్ 50, అంటే ఆ డార్ట్‌తో ముగించడం జరగని పని. ఇరవై వేస్తే 32 మిగులుతుంది, పదహారు వేస్తే 36, పన్నెండు వేస్తే 40. ఒంటరి ఆటలో అయితే తనకు అలవాటైన డబుల్ మిగుల్చుకుంటాడు. ఇక్కడ తర్వాత వేసేది తను కాదు, జోడీవాడు. ఆయన వెనక్కి తిరిగి చూశాడు. జోడీవాడు ఏదో అన్నాడు, హోరులో మాకేమీ వినిపించలేదు. ఇతను పన్నెండు కొట్టి 40 మిగిల్చి పక్కకు జరిగాడు. ప్రత్యర్థి మూడు వేసి వెళ్ళాక జోడీవాడు వచ్చి డబుల్ ఇరవై మొదటి డార్ట్‌కే కొట్టాడు. చాలామంది ఇష్టపడేది 32. డబుల్ పదహారు తప్పి మామూలు పదహారులో పడ్డా డబుల్ ఎనిమిది మిగులుతుంది, అదీ తప్పితే డబుల్ నాలుగు, ఇలా చివరిదాకా సరి సంఖ్యే. ఆ సౌకర్యం వదులుకుని, పక్కవాడి చెయ్యి ఎటు పోతుందో ఎరిగి దానికి తగ్గట్టు వేయడం నాకు ఎంతగానో నచ్చింది.

నాతో వచ్చిన మా మామగారు జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. మొదట్లో జనం, గోల చూసి కాస్త బిగుసుకుపోయి కూర్చున్నారు. రెండో మ్యాచ్‌కల్లా ముందుకు వంగి, "పంతొమ్మిది మూళ్ళు యాభై ఏడు, ఇప్పుడు ఎంత మిగిలిందమ్మా?" అంటూ మొదలుపెట్టారు. కాసేపటికి స్క్రీన్ మీద సంఖ్య మారేలోపే ఆయనే చెప్పేస్తున్నారు. 170 మిగిలినప్పుడు రెండు ట్రిపుల్ ఇరవైలు, ఒక బుల్, అంతకు మించి మూడు డార్ట్‌లతో ముగించే దారి లేదని కాగితం మీద వేసి చూపించారు. మా ముందు వరసలో అరటిపండు వేషాల్లో వచ్చిన జర్మన్ కుర్రాళ్ళు ఆ కాగితం తీసుకుని ఫోటో తీసుకున్నారు. ఎక్కాలు నోటికొచ్చినవాళ్ళకి ఈ ఆట చూడటం గొప్ప సరదా. ఇంటికొచ్చాక ఆయనే మా అబ్బాయికి పదిహేడో ఎక్కం మళ్ళీ మొదలుపెట్టించారు.

జోడీ ఆటలో ఇంకో కష్టం ఉంది. ఒకసారి వేశాక మళ్ళీ మన వంతు వచ్చేలోపు ముగ్గురు వేయాలి. చెయ్యి చల్లబడిపోతుంది. ఒంటరిగా దడదడా వేసుకుపోయే వేగం ఉన్నవాళ్ళకు ఇది పెద్ద పరీక్ష. శనివారం ఇంగ్లండ్ ఆటలో ఇది కళ్ళారా చూశాం. ల్యూక్ హంఫ్రీస్, ల్యూక్ లిట్లర్: 2024లో ఒకరు, 2025లో ఒకరు ప్రపంచ ఛాంపియన్లు. కాగితం మీద వాళ్ళను మించిన జోడీ లేదు. జర్మనీ తరఫున మార్టిన్ షిండ్లర్, రికార్డో పియెట్రెచ్కో 8-4 లెగ్‌లతో (501 నుంచి సున్నా దాకా ఒక ఆటని లెగ్ అంటారు) వాళ్ళను ఇంటికి పంపారు. ఆ రోజు హాలు చేసిన చప్పుడు నేను చిన్నప్పుడు తిరునాళ్ళలో కూడా వినలేదు. ఆదివారం ఫైనల్లో నార్తర్న్ ఐర్లండ్ జోడీ జోష్ రాక్, డారిల్ గర్నీ వేల్స్‌ను 10-9తో గెలిచారు. ఆఖరి లెగ్ దాకా తేలని ఫైనల్ అది.

ఇక ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, కొత్త పద్ధతిలో ర్యాంకుల్లో పైనున్న నాలుగు దేశాలు నేరుగా చివరి పదహారులోకి వచ్చేస్తాయి. మిగతా 36 జట్లు మూడేసి చొప్పున పన్నెండు గ్రూపులు. గ్రూప్ మ్యాచ్‌లో నాలుగు లెగ్‌లు గెలిస్తే చాలు, గ్రూప్‌లో మొదటి జట్టే ముందుకెళ్తుంది. ఆసియా నుంచి అంత దూరం వచ్చిన జోడీ రెండు చిన్న మ్యాచ్‌లు ఆడి విమానం ఎక్కేయాలి. కనీసం ఐదు లెగ్‌లు గెలవాల్సిన ఆట అన్నా పెట్టాలని నా గట్టి అభిప్రాయం. 2017లో ఇదే ఫ్రాంక్‌ఫర్ట్‌లో, తొలి రౌండ్‌లోనే, సింగపూర్ జోడీ పాల్ లిమ్, హరిత్ లిమ్ కలిసి స్కాట్లండ్‌ను 5-2తో ఓడించారు. అటువైపు ఉన్నది గ్యారీ ఆండర్సన్, పీటర్ రైట్. అప్పటికే అరవై దాటిన పాల్ లిమ్ 1990లోనే ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో తొమ్మిది డార్ట్‌లకు 501 ముగించినవాడు. పెద్ద దేశాలు తొలి రౌండ్‌లోనే బరిలోకి దిగాయి గనుక సింగపూర్‌కు ఆ అవకాశం దొరికింది. ఇప్పుడు నేరుగా వచ్చే ఆ నాలుగు దేశాలనూ గ్రూపుల్లో వేస్తే పోటీ ఇంకా పదునెక్కుతుంది. నేరుగా రావడం వల్ల ఇంగ్లండ్‌కి ఒరిగింది కూడా ఏమీ లేదు: అప్పటికే చెయ్యి ఆడిన జర్మనీ మీద వాళ్ళకది మొదటి మ్యాచ్.

నాకు బాధ కలిగించింది ఇంకొకటి ఉంది. అవతలి జట్టువాడు డబుల్‌కి గురి పెట్టగానే కొందరు ఈలలు వేస్తారు. పక్కవాళ్ళు వారిస్తున్నా ఆపరు. రెండున్నర మీటర్ల దూరం నుంచి వేలెడు వెడల్పు కూడా లేని గడిని కొట్టాలని చూస్తున్న మనిషిని అలా చెదరగొట్టడం ఏ దేశం వాళ్ళు చేసినా తప్పే.

సీట్ల సంగతి. కింద పొడుగు బల్లలు, చుట్టూ మెట్ల వరసలు. కింద కూర్చుంటే సందడి మధ్యలో ఉంటారు గానీ, 180 (మూడు డార్ట్‌లూ ట్రిపుల్ ఇరవై) పడగానే ముందువాళ్ళంతా లేచి నిలబడతారు. పెద్దవాళ్ళతో వెళ్తే మెట్ల వైపే తీసుకోండి. బోర్డు అడ్డంగా నలభై అయిదు సెంటీమీటర్లే, ఎక్కడ కూర్చున్నా డార్ట్ ఎక్కడ గుచ్చుకుందో స్క్రీన్ మీదే తెలుస్తుంది. ఖరీదైన సీటు కొని లాభం లేదు. శాకాహారులు ఇంట్లో అన్నం తినే బయల్దేరండి, లోపల దొరికేది దాదాపు బంగాళాదుంపల వేపుడే. చెవులు సున్నితంగా ఉన్నవాళ్ళకు ఇయర్‌ప్లగ్‌లు తప్పనిసరి.

టికెట్లు శని, ఆదివారాలవి ముందే అయిపోతాయి. తిరిగి అమ్మే సైట్ల జోలికి పోకండి, మా స్నేహితురాలు అలాంటి ఒకదాంట్లో రెట్టింపు పెట్టి కొన్నది గేటు దగ్గర చెల్లలేదు. గ్రూప్ దశ రోజు తీసుకోండి. ఒక్క కూర్చోవడంలో వరసగా బోలెడు చిన్న మ్యాచ్‌లు, ఎప్పుడూ టీవీలో కనబడని దేశాల జోడీలు, లెక్క నేర్చుకోవడానికి కావలసినంత సమయం. హాలు ముందే యు7 మెట్రో రైలు ఆగుతుంది, కారు తీసుకెళ్ళక్కర్లేదు.