ఎనిమిదేళ్లు వాడాక హ్యాండ్ రబ్, గ్లౌజుల మీద నా రివ్యూ

నేను పేషెంట్ కేర్ పనిలోకి వచ్చి ఎనిమిదేళ్లు దాటింది. మొదటి ఐదేళ్లు ఒక ప్రైవేట్ హాస్పిటల్ వార్డులో, మూడేళ్ల నుంచి హైదరాబాద్‌లో ఇళ్లకి వెళ్లి మంచాన పడ్డ పెద్దవాళ్లని చూస్తున్నా. డైపర్ మార్చడం, ఒళ్లు తుడవడం, యూరిన్ బ్యాగ్ ఖాళీ చేయడం, ముక్కు గొట్టంలోంచి పాలు పట్టడం, ఇదే నా పని, ఇవన్నీ చేసే చేతులు రెండే కాబట్టి ఆ చేతులకి వాడేవాటి గురించి రాద్దామనిపించింది.

ముందు హ్యాండ్ రబ్, అంటే చేతులకి రుద్దుకునే ఆల్కహాల్ శానిటైజర్. కంపెనీ ఏదైనా వార్డులో మేమంతా స్టెరిలియం అనే అనేవాళ్లం, 500 ఎంఎల్ బాటిల్, పైన పంపు. నాకు అది నచ్చడానికి పెద్ద కారణం ఏంటంటే పేషెంట్ కాళ్ల దగ్గరే ఉంటుంది. మా వార్డులో సింకు ఆ చివర ఉండేది, పన్నెండు బెడ్లకి ఒకటే, సబ్బుతో సరిగ్గా కడగాలంటే 40 నుంచి 60 సెకన్లు పడుతుంది, ఒక్కో పేషెంట్‌కి మధ్యలో అంత దూరం వెళ్లి కడుక్కుని రావాలంటే అయ్యే పని కాదు, నిజం చెప్పాలంటే ఎవరం వెళ్లేవాళ్లం కాదు. రబ్ అయితే 20, 30 సెకన్లు, నడుస్తూ నడుస్తూనే అయిపోతుంది. అది బెడ్డుకి తగిలించాకే నాకు చేతుల శుభ్రం అలవాటయింది.

కానీ వాడే పద్ధతి తెలియకపోతే దండగ. ఒక చుక్క వేసుకుని అరచేతులు రెండూ రాసి వదిలేస్తారు చాలామంది, నేనూ ఏడాది పాటు అలాగే చేశా. పేషెంట్‌కి ముందు తగిలేది వేళ్ల కొసలు, బొటనవేలు, మనం రుద్దకుండా వదిలేసేవి కూడా అవే. గుంట చేసిన అరచేయి నిండా పోసుకుని, వేళ్ల సందులు, గోళ్ల దగ్గర, బొటనవేలు చుట్టూ, దానంతట అదే ఆరేదాకా రుద్దాలి. తడి చేతుల మీద వేయకూడదు, పల్చబడిపోతుంది. చీరకో చున్నీకో తుడిచేసుకుంటే ఇక వేసుకున్నదంతా బట్టకే.

ఇంకో సంగతి, మోషన్స్ అవుతున్న పేషెంట్ దగ్గర దీన్ని నమ్ముకోవద్దు. సి డిఫ్ అనే విరేచనాల క్రిమికి గట్టి పెంకున్న విత్తనాల్లాంటి స్పోర్స్ ఉంటాయి, అవి ఆల్కహాల్‌కి చావవు, సబ్బు, పారే నీళ్లు పెట్టి రుద్ది కడిగేస్తేనే పోతాయి. చేతికి మలమో రక్తమో కనిపిస్తున్నా అంతే, సింకు దగ్గరికి వెళ్లాల్సిందే.

ఇప్పుడు గ్లౌజులు. వీటి మీద నాకు మిశ్రమ అభిప్రాయం. గ్లౌజులు మంచివే, మలమూత్రాలు, రక్తం ముట్టుకునేటప్పుడు తప్పకుండా వేసుకోవాలి. లేటెక్స్, అంటే సహజ రబ్బరు, పడక నాకు మణికట్టు దగ్గర దద్దుర్లు వచ్చేవి, నైట్రైల్ అనే సింథటిక్ రబ్బరు గ్లౌజులకి మారాక తగ్గిపోయాయి. అయితే గ్లౌజు ఉంటే చేయి శుభ్రంగానే ఉంది కదా అన్న ధైర్యం వస్తుంది చూడండి, అదే కొంప ముంచుతుంది. కొత్తలో ఒకసారి ఒక పెద్దాయనకి డైపర్ మార్చి, అవే గ్లౌజులతో బెడ్ రెయిల్ పైకి లేపి, దుప్పటి కప్పి, టేబుల్ మీద నీళ్ల గ్లాసు ఆయనకి అందేలా జరిపా. వెనక ఇన్‌ఛార్జ్ సిస్టర్ నిలబడి ఉంది. "అమ్మాయ్, ఆ గ్లాసు ఆయన నోటికి పెట్టుకుంటాడమ్మా" అంది, అంతే, కోప్పడలేదు. నాకు మాత్రం ఆ రాత్రి అన్నం సయించలేదు. అప్పట్నుంచి ఒక పనికి ఒక జత, మురికి పని అవ్వగానే ముందు గ్లౌజు లోపల్నించి బయటికి తిప్పి తీసేస్తా, తీశాక మళ్లీ రబ్ చేసుకుంటా. తీశాక ఎందుకు అంటారా, కంటికి కనపడని చిల్లులు ఉంటాయి, తీసేటప్పుడు మణికట్టుకి అంటుతుంది కూడా.

చేతులు ఎప్పుడెప్పుడు శుభ్రం చేసుకోవాలో గోడ మీద అంటించే ఐదు సందర్భాల పోస్టర్ చూసే ఉంటారు, పేషెంట్‌ని ముట్టుకునే ముందు, శుభ్రంగా చేయాల్సిన పనికి ముందు, ఒంటి ద్రవాలు తగిలాక, పేషెంట్‌ని ముట్టుకున్నాక, పేషెంట్ చుట్టూ ఉన్న వస్తువులు ముట్టుకున్నాక. మొదటి నాలుగూ త్వరగానే అలవాటైపోతాయి, ఐదోదే కష్టం. మనిషిని ముట్టుకోలేదు, ఉత్తి దుప్పటి సర్దానంతే అనుకుంటాం కదా, కానీ ఆ దుప్పటి మీదే అన్నీ ఉంటాయి.

గాజుల విషయం కూడా చెప్పాలి ఎందుకంటే మా వాళ్లెవరూ దీని గురించి మాట్లాడరు. చేతి నిండా గాజులు, ఉంగరం ఉంటే మణికట్టు, ఉంగరం కింది చర్మం శుభ్రం కావు, గ్లౌజు కూడా చిరుగుతుంది. నేను డ్యూటీకి గాజులు తీసేసి వెళ్తుంటే మా అత్తగారు చాలా బాధపడ్డారు, బోసి చేతులతో వెళ్తావా అని. పేషెంట్ పుండు చుట్టూ తుడిచే చేతులత్తయ్యా అని నెమ్మదిగా చెప్పా. ఇప్పుడు ఆవిడే నేను రాగానే గాజుల డబ్బా తెచ్చి పెడతారు.

మైనస్ పాయింట్ అంటే చర్మం. చలికాలం వేళ్ల కణుపులు పగిలి, వాటి మీద రబ్ పడితే కళ్లలో నీళ్లు తిరిగేవి. రబ్‌తో పాటు సబ్బుతో కూడా కడుక్కునేదాన్ని అప్పట్లో, అది మానేశాక చాలా తేడా వచ్చింది. గ్లిజరిన్ కలిసినవి కొంచెం నయం. కొబ్బరినూనె రాసుకుని లేటెక్స్ గ్లౌజు వేసుకోకండి, నూనెకి లేటెక్స్ పాడైపోతుంది, రాత్రి ఇంటికెళ్లాక రాసుకోండి.

రేటు గురించి అడుగుతారు. 2020 మార్చిలో గవర్నమెంట్ 200 ఎంఎల్ శానిటైజర్ వంద రూపాయలు దాటకూడదని ధర కట్టాల్సి వచ్చింది, ఇప్పుడు ఆ తిప్పలు లేవు. వాసన చూసి కొనకండి, ఆల్కహాల్ కనీసం 60 శాతం ఉందో లేదో లేబుల్ చూడండి. అడుగున మిగిలినదాంట్లో కొత్తది కలపొద్దు.

ఇళ్లలో ఒక జాగ్రత్త హాస్పిటల్‌లో ఎవరూ చెప్పరు. ఇప్పుడు నేను చూసే మామ్మగారి మంచం పక్కనే దేవుడి పటం ఉంటుంది, పొద్దున్నే దీపం, అగరొత్తులు. రబ్ నిప్పంటుకునే సరుకు, అందుకే బాటిల్ కాళ్ల వైపు పెట్టించా, ఆవిడ దీపం వెలిగించమంటే చేతులు పూర్తిగా ఆరాకే అగ్గిపుల్ల గీస్తా.