స్టాక్‌తో ఆటలకు ఏది మేలు: దిస్‌కాంటెక్స్టా, కాల్/సీసీనా?

కంటిన్యుయేషన్లతో (ప్రోగ్రాములో ఒక చోటు నుంచి ఇంకా మిగిలిన పనిని పట్టి ఉంచే విలువలతో) ఆడుకోవడానికి స్మాల్‌టాక్ పట్టుకోవాలా, స్కీమ్ పట్టుకోవాలా అని తరచూ అడుగుతున్నారు. రెండిట్లోనూ స్టాక్, అంటే ఇంకా ముగియని ఒక్కో పిలుపు వివరాలు (ఫ్రేములు) పేర్చిన దొంతర, చేతికి చిక్కుతుంది: స్మాల్‌టాక్‌లో దిస్‌కాంటెక్స్ట్‌తో, స్కీమ్‌లో కాల్/సీసీతో. కానీ ఒకసారి దాటిపోయిన చోటికి రెండోసారి వచ్చినప్పుడు ఏ విలువ పాతది, ఏది కొత్తది? నా మటుకు తేల్చేది ఇదొక్కటే.

ముందు స్మాల్‌టాక్ రూపాలైన ఫారో, స్క్వీక్. దిస్‌కాంటెక్స్ట్ అంటే నడుస్తున్న ఫ్రేమే, ఆబ్జెక్టుగా. సెండర్ (పిలిచిన ఫ్రేము), రిసీవర్ (మెసేజ్ అందుకున్న ఆబ్జెక్టు), పీసీ (కోడ్‌లో ఎక్కడ ఉన్నామో) ఏదైనా అడగొచ్చు. దాని సెండర్‌కు రిటర్న్: 42 అని పంపండి. మనల్ని పిలిచిన మెథడ్ అక్కడికక్కడే ఆగి, తనను పిలిచిన చోటికి 42 ఇచ్చేస్తుంది. మధ్యలోని ఎన్షూర్: బ్లాకులు (ఎలా బయటపడినా నడవాల్సిన సర్దుబాటు కోడ్) పద్ధతిగా నడుస్తాయి. ఇదే పని ఫ్రేము సెండర్‌నే మార్చేసే స్వాప్‌సెండర్: తో చేస్తే అవి నడవవు, తెరిచిన ఫైలు తెరిచినట్టే ఉండిపోతుంది. ఇంకో చిక్కు ఉంది. ఒక్కో అంశానికీ బ్లాకును నడిపే డూ: కి ఇచ్చిన బ్లాకులో దిస్‌కాంటెక్స్ట్ సెండర్ అంటే డూ: మెథడే, మనం రాసిన మెథడ్ ఫ్రేము కావాలంటే హోమ్ అడగాలి. ఎక్సెప్షన్లు, డీబగ్గరు కూడా ఈ కాంటెక్స్టుల మీదే కట్టినవి. ఫ్రేములు విప్పి చూడటంలో స్మాల్‌టాక్‌కు సాటి లేదు.

తిరిగి రావడం దగ్గరే ఇబ్బంది. కాంటెక్స్ట్ మారిపోయే వస్తువు. పని ముగిశాక ఆ ఫ్రేము ఇక పనికిరాదు. అందుకని ముందే కాపీస్టాక్‌తో గొలుసంతా నకలు తీసి దాచాలి, వాడిన ప్రతిసారీ ఆ నకలుకు మరో నకలు తీయాలి. సరే, నకలులో టెంపులన్నీ (మెథడ్ లోపలి వేరియబుల్స్) పాత విలువలతో ఉంటాయా అంటే, ఉండవు. బ్లాకు లోపల మార్చే టెంపును కంపైలర్ ఫ్రేములో పెట్టదు, టెంప్ వెక్టర్ అనే విడి అర్రేలో పెడుతుంది. అసలుకీ నకలుకీ ఆ అర్రే ఒక్కటే. లెక్కపెట్టే లూపు టు:డూ: ఇన్‌లైన్ అవుతుంది (దాని బ్లాకు విడిగా ఉండక మెథడ్ కోడ్‌లోనే కలిసిపోతుంది) కాబట్టి, ఏ బ్లాకూ పట్టుకోని దాని కౌంటరు ఫ్రేములోనే ఉంటుంది; 3 దగ్గర తీసిన నకలు మళ్లీ 3 దగ్గరే మొదలవుతుంది. లోపలి డూ: బ్లాకులో కూడుతున్న మొత్తం మాత్రం పోయినసారి ఎంతకు చేరిందో అక్కణ్ణుంచే సాగుతుంది. పక్కపక్కన ఉన్న రెండు వేరియబుల్స్‌లో ఒకటి వెనక్కి వెళ్తుంది, ఇంకోటి వెళ్లదు!

ఇక స్కీమ్. కాల్/సీసీ అప్పటి కంటిన్యుయేషన్‌ను మనం ఇచ్చిన ఫంక్షన్‌కు అందిస్తుంది. 1కి కాల్/సీసీ ఇచ్చేదాన్ని కూడే లైను రాసి, లోపల కంటిన్యుయేషన్‌ను కె లో దాచి, 10 తిరిగివ్వండి. 11 వస్తుంది. తర్వాత ప్రాంప్ట్ దగ్గర కె కి 20 ఇస్తే 21, 30 ఇస్తే 31, ఎన్నిసార్లయినా. సూత్రం ఒక్కటే: సెట్! (వేరియబుల్‌కు కొత్త విలువ పెట్టేది) తో మార్చింది వెనక్కి రాదు, మార్చనిది పాత విలువతోనే ఉంటుంది. 1 బదులు ఎన్ అనే వేరియబుల్ పెట్టి తర్వాత సెట్! చేస్తే జాగ్రత్త. ఆర్గ్యుమెంట్లను ఏ వరుసలో లెక్కించాలో స్కీమ్ ప్రమాణపత్రం ఆర్7ఆర్‌ఎస్ చెప్పదు. స్కీమ్ కుటుంబపు భాష రాకెట్‌లో ఎడమ నుంచి కుడికే కాబట్టి పాత ఎన్నే కూడుతుంది. మిగతా చోట్ల విలువను ముందే లెట్‌తో పట్టి ఉంచండి. ఇవే లైన్లు ఒక ఫంక్షన్ బాడీలో వరుసగా రాస్తే, కె ని పిలిచే లైను కూడా కంటిన్యుయేషన్‌లో భాగమై లూపు ఆగదు. రీసెట్‌తో హద్దు గీసి, ఆ హద్దు వరకే కంటిన్యుయేషన్‌ను షిఫ్ట్‌తో పట్టుకుంటే ఆ బెడద ఉండదు. ఫైళ్లలాంటి వాటికి డైనమిక్-విండ్ ఉంది: లోపలికొచ్చేటప్పుడు ఒక థంక్‌ను (ఆర్గ్యుమెంట్లు లేని ఫంక్షన్‌ను), బయటికెళ్లేటప్పుడు ఇంకోదాన్ని నడుపుతుంది. మళ్లీ లోపలికొస్తే మొదటి థంక్ మళ్లీ నడుస్తుంది. ఎన్షూర్: కి ఆ ముందు సగం లేదు.

రూబీలో కాల్‌సీసీ ఉన్నా, ఫైబర్ (మధ్యలో ఆపి కొనసాగించగల పని) వాడమని అదే హెచ్చరిస్తుంది. ఓకామల్ 5 ఎఫెక్టుల్లో కంటిన్యుయేషన్ ఒక్కసారికే. రెండోసారి ఎక్సెప్షన్ వస్తుంది. పైథాన్ ఫ్రేములు చూడటానికి బాగుంటాయి, అంతే.

బ్యాక్‌ట్రాకింగ్ (దారి మూసుకుపోతే వెనక్కొచ్చి మరో ఎంపిక చూడటం), ఆంబ్ (అలా ఎంపికలను ఒక్కొక్కటిగా ప్రయత్నించే ఆపరేటర్) లాంటి ఆటలకు నా ఓటు రాకెట్ షిఫ్ట్‌కే. ఆంబ్‌ను ఫారోలోనే రాయాల్సి వస్తే, బ్లాకులు మార్చే టెంపుల విలువలను స్టాక్ నకలుతో పాటే విడిగా దాచండి. తిరిగొచ్చిన వెంటనే, తర్వాతి ఎంపికకు ముందే, వాటిని చేత్తో తిరిగి పెట్టేయండి.